కిటికీ కారితే తప్పెవరిది?

కొత్త ఇంటి మీద తగాదా మా దగ్గరికి వచ్చేటప్పుడు అది స్లాబు గురించో పునాది గురించో రావడం తక్కువ. తలుపు పట్టేస్తోందనో, కిటికీ కారుతోందనో వస్తుంది. స్లాబులో లోపం బయటపడటానికి ఏళ్లు పడుతుంది. తలుపు అట్లా కాదు, పొద్దున లేచింది మొదలు వేస్తూ తీస్తూనే ఉంటారు. పట్టేసిన ప్రతిసారీ కట్టినవాణ్ణి తిట్టుకుంటారు. చిలకలూరిపేటలో ప్లాన్లు గీయడం, ఎస్టిమేట్లు వేయడం, బ్యాంకు లోన్లకు వాల్యుయేషన్ రాయడం నా వృత్తి. దాంతోపాటు ఇంటాయనకూ కాంట్రాక్టరుకూ చెడినప్పుడు చూసి చెప్పమని పిలుస్తారు. ఈ పనికి ఫీజు తక్కువ, మాటలు ఎక్కువ. అయినా నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. సరిగా చూసి చెప్పగలిగితే ఒక కుటుంబం కోర్టుల చుట్టూ తిరగకుండా ఆగుతుంది. ఒక మేస్త్రీ అదే ఊళ్లో మళ్లీ తలెత్తుకుని పని చేసుకోగలుగుతాడు.

ఇక్కడ చెప్పేది పర్చూరు వైపు ఒక ఊళ్లో జరిగింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పర్చూరు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది కానీ పెద్దవాళ్ల నోట ఇంకా ప్రకాశం జిల్లాయే. ఆ రైతు మిర్చి, పత్తి వేస్తాడు. మిర్చికి మంచి ధర పలికిన ఏడాది ఇల్లు మొదలుపెట్టాడు. గృహప్రవేశం జరిగిన ఏడాదే, 2023 డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలికి వాన అడ్డంగా కొట్టింది. ముందు గదిలో కిటికీ కింద పోసిన పత్తి తడిసి ముద్దయింది. హాల్లో చీలమండ మునిగేంత నీళ్లు. అప్పటికి కాంట్రాక్టరుకు ఇవ్వాల్సింది ఇంకా లక్షన్నర ఉంది. రైతు ఆ డబ్బు ఆపేశాడు. కాంట్రాక్టరు ఫోనెత్తడం మానేశాడు.

మా పల్లెల్లో ఇల్లు కట్టే పద్ధతిలోనే ఈ గొడవకు మూలం ఉంది. ఇక్కడ పూర్తి కాంట్రాక్టుకు ఇచ్చేవాళ్లు తక్కువ. కూలి వరకే కాంట్రాక్టు. సిమెంటు, ఇసుక, ఇనుము ఇంటాయన తోలిస్తాడు. గుమ్మాల కర్ర తానే టింబరు డిపోకు పోయి కొంటాడు. వడ్రంగిని కాంట్రాక్టరు తెస్తాడు. యూపీవీసీ కిటికీలు పట్నంలోని షాపువాళ్లు కొలత తీసుకుని తెచ్చి బిగించి పోతారు. ఆ తర్వాత ప్లాస్టరింగ్ మేస్త్రీ, గ్రానైటు బిగించేవాడు, లప్పం పెట్టి రంగులేసేవాళ్లు. ఒక్క కిటికీ మీద ఇంతమంది చెయ్యి పడుతుంది. కారిన రోజున ఒక్కడూ నాది అనడు. "ఓపెనింగు వంకరగా వదిలారు" అని షాపువాళ్లు, "వాళ్లు బిగించింది సరిగా లేదు" అని కాంట్రాక్టరు, "కర్ర ఇంటాయనే కొన్నాడు" అని వడ్రంగి. ఒక్కొక్కరి మాట విడిగా వింటే అందరిదీ న్యాయమే అనిపిస్తుంది. అందుకే నేను ముందు మాటలు వినను. ఇల్లు చూస్తాను, ఆ తర్వాతే మాటలు.

నేను వెళ్లింది ఫిబ్రవరి చివర్లో, కళ్లాల్లో మిర్చి ఆరబోసే రోజుల్లో. ఇంటి పక్క స్థలంలో తేజ రకం ఎర్రగా పరిచి ఉంది. కిటికీలన్నీ వేసి లోపల కూర్చుంటే గాలి తిరిగినప్పుడల్లా ఘాటు గొంతుకు తగులుతోంది. ఇంటాయన తల్లికి ఉబ్బసం. ఆ నెల రోజులూ కూతురింట్లో ఉండి వస్తానందట. తుపాను ఏదో ఒక ఏడాది వస్తుంది కానీ మిర్చి ఘాటు ఏటా వస్తుంది. నీళ్ల కంటే ఇదే ఆ ఇంటికి పెద్ద బాధ అని నాకు అక్కడే అర్థమైంది. అగరుబత్తి వెలిగించి ఫ్రేము చుట్టూ నెమ్మదిగా తిప్పాను. బాగా బిగించిన చోట పొగ నిలువుగా లేస్తుంది. సందు ఉన్న చోట గదిలోకి వంగుతుంది. ముందు గది కిటికీకి కింది రెండు మూలలా పొగ వంగింది.

నీళ్ల సంగతి ఇంటావిడ చెప్పింది. "సార్, అందరూ ఆ మూల చూపిస్తారు గానీ, ముందు నీళ్లొచ్చేది అక్కడ కాదండి. ఇదిగో, ఈ గ్రానైటు మీదకి ముందొచ్చుద్ది. తర్వాత ఆ మూలకి పారుద్ది." నేను ఏ ఇంటికి వెళ్లినా ఆడవాళ్లను తప్పకుండా అడుగుతాను. గుడ్డ పెట్టి తుడిచింది వాళ్లే కాబట్టి నీళ్లు ఏ దారిన వచ్చాయో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మోటారుకు పైపు తగిలించి బయటి నుంచి తడిపాం. ఈ పరీక్ష కింది నుంచి పైకి చేయాలి. ముందు గ్రానైటు అంచు, తర్వాత కింది పట్టీ, తర్వాత పక్కలు, చివర పైన. ఒక్కో చోట కొంతసేపు ఆగాలి. పై నుంచి మొదలుపెడితే అన్ని చోట్లా ఒకేసారి తడిసి, ఎక్కడ దూరిందో తేలదు. ఈ ఇంట్లో కింది అంచు తడపగానే లోపల చెమ్మ కనపడింది. రసమట్టం పెట్టి చూస్తే బుడగ బయటి వైపుకు జరిగింది. అంటే గ్రానైటు వాలు ఇంట్లోకి ఉంది. చీమకుర్తి రాయి, చూడటానికి అద్దంలా ఉంది, ఖరీదు కూడా పెట్టారు. బయటికి వాలు పెట్టడం, అడుగు వైపు అంచు పొడవునా నీరు జారిపడే గాడి కొట్టడం మాత్రం ఎవరికీ పట్టలేదు. ఆ గాడి లేకపోతే నీటి బొట్టు రాయి అడుగునే పాకుతూ గోడలోకి పోతుంది.

ఇంకో సంగతి చూసి షాపు నుంచి వచ్చిన కుర్రాడే తెల్లబోయాడు. జరిపే కిటికీకి కింది పట్టీలో బయటి వైపు సన్నటి రంధ్రాలుంటాయి. పట్టీలో నిలిచిన వాన నీరు పోవడానికే వాటిని పెడతారు. రంగులేసేవాళ్లు లప్పంతో వాటిని కప్పేశారు. వాన కొట్టిన కొద్దీ పట్టీ నిండి, పొంగి, ఇంట్లోకి దిగింది. నేను సైకిలు చువ్వతో ఒక రంధ్రంలో లప్పం పొడిచి తీశాను. నిలిచి ఉన్న నీళ్లు ఒక్కసారిగా బయటికి దూకాయి. ఇంటాయన అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ నీళ్లు చూసి, "ఇంతేనా సార్?" అన్నాడు. ఇంతే కాదు కానీ చాలామటుకు ఇంతే.

మిగతాది ఫ్రేముకూ గోడకూ మధ్య ఉంది. యూపీవీసీ ఎండకు సాగుతుంది. పల్నాటి రెంటచింతల ఎండ గురించి చెప్పక్కర్లేదు, మా పర్చూరు వైపు కూడా తక్కువేమీ కాదు. ఆరడుగుల ఫ్రేము మండు వేసవిలో మూడు నాలుగు మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకని చుట్టూ సన్నటి సందు వదిలి, ఫోము నింపి, బయట సిలికాను పట్టించాలి. ఇక్కడ ఒక పక్క సిమెంటు బిర్రుగా కూరారు, ఇంకో పక్క వేలు పట్టేంత సందు వదిలి పైన లప్పం పూశారు. ఎండకు ఫ్రేము సాగి సిమెంటును నెట్టింది. రెండో పక్క లప్పం రాలింది. మిర్చి ఘాటు వచ్చిన దారి అదే.

ఇక తలుపులు. వాటి దగ్గర చాలామంది ఇంజినీర్లు కూడా తొందరపడతారు. తలుపు పట్టేయడానికి మా నేలలో మూడు కారణాలుంటాయి: కర్ర, బిగింపు, భూమి. మూడింటి లక్షణాలూ వేరు. వానాకాలంలో పట్టేసి వేసవిలో వదులైతే, ఫ్రేము మట్టం సరిగానే ఉంటే, అది కర్ర తేమ పీల్చడం. తలుపు గట్టిగా వేసినప్పుడు ఫ్రేము మొత్తం కదిలి, చుట్టూ ప్లాస్టరు సమంగా విడిపోతే అది బిగింపు. కిటికీ మూల నుంచో గుమ్మం మూల నుంచో గోడలో ఏటవాలుగా బీట పాకి, ఫ్రేములో ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిచిన రెండు కొలతలూ కలవకపోతే భూమి కదిలిందని అర్థం. నల్లరేగడిలోని బంక నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పత్తికి ప్రాణం పోసే ఆ గుణమే ఇంటికి శత్రువు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున గంటలా వెడల్పయ్యే పైల్ పునాదులు రూపొందించింది. పల్లెల్లో ఆ ఖర్చు పెట్టేవాళ్లు తక్కువ.

ఆ ఇంట్లో మూడు కారణాలూ ఒకేచోట దొరికాయి. సింహద్వారం కుడి నిలువు మెలితిరిగింది. తూకం గుండు వేలాడదీస్తే పైకీ కిందికీ తొమ్మిది మిల్లీమీటర్ల తేడా. తాళం నాలుక దాని గాట్లో పడటం లేదు. వడ్రంగి, "టేకు మంచిదే సార్, ఇంటాయనే బల్లార్షా కర్ర అని కొన్నారు" అన్నాడు. తేమ మీటరు గుచ్చితే 11 వచ్చింది. అంటే ఇప్పుడు కర్ర ఆరిపోయే ఉంది. కానీ ప్లాస్టరుకూ కర్రకూ మధ్య రెండు వైపులా వెంట్రుకంత సందు సమంగా పడింది. పచ్చిగా ఉన్నప్పుడు నిలబెట్టారు, గోడలో ఇరుక్కుని ఆరింది, ఆరుతూ మెలిపడింది. ఇంటాయనకు ఇది ఎట్లా చెప్పాలా అని ఆలోచించి పత్తి సంగతి ఎత్తాను. "సీసీఐ సెంటరులో తేమ ఎంత దాకా ఒప్పుకుంటారన్నా?" "ఎనిమిది దాటితే కోత, పన్నెండు దాటితే కొనరు." "కర్రకూ లెక్కుంది. ఐఎస్ 287 అని ప్రమాణమే ఉంది. గుమ్మాల కర్ర పద్నాలుగు దాటితే నేను నిలబెట్టనివ్వను. నువ్వు డిపోలో మీటరు పెట్టించావా?" ఆయన తల అడ్డంగా ఊపాడు.

పెట్టించడానికి టైమెక్కడిది! గుమ్మం ఎత్తడానికి ముహూర్తం కుదిరితే కర్ర కోసం పరుగెత్తేది ఆ వారంలోనే. పసుపు, కుంకుమ, మామిడాకులు, నవధాన్యాలు అన్నీ సిద్ధం చేసుకుంటారు. కర్ర ఒక్కటే సిద్ధంగా ఉండదు. ముహూర్తాన్ని నేను తప్పు పట్టను. ఆ రోజు ఇంటిల్లిపాదీ గుమ్మం పట్టుకుని నిలబెట్టడంలో ఉన్న సంతోషం నాకు తెలుసు. కర్ర మాత్రం ఏడాది ముందే కొని, నీడలో సందులు పెట్టి పేర్చుకోవాలి. పాత ఇళ్లలో మన తాతలు తమ చేలో వేపో తుమ్మో కొట్టించి, కోయించి, చావిడిలో ఆరనిచ్చి, తర్వాతే గుమ్మాలు చేయించేవాళ్లు.

పడక గది గుమ్మం బిగింపు లోపం. తలుపు వేస్తే గోడ దడదడలాడింది. కాంట్రాక్టరును అడిగి, అతని ఎదుటే ఒక చోట ప్లాస్టరు కొట్టించాను. గుమ్మాన్ని గోడకు పట్టి ఉంచడానికి ఒక్కో పక్క మూడు ఇనప హోల్డ్‌ఫాస్టులు పెట్టి, చుట్టూ కాంక్రీటు నింపాలి. దొరికినవి రెండు. వాటి చుట్టూ ఉన్నది కాంక్రీటు కాదు, వట్టి గోడ మాలు. ఉలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. కాంట్రాక్టరు దాన్ని చూసి తల దించుకున్నాడు. అప్పటి నుంచి అతని మాటల్లో పదును పోయింది.

వెనక వంటింటి తలుపుది మాత్రం వేరే కథ. దాని మూల నుంచి గోడలో ఏటవాలు బీట ఉంది. బయటికి పోయి చూస్తే గోడను ఆనుకునే వాడకం నీళ్ల గుంట. అంట్లు తోమిన నీళ్లు, స్నానాల నీళ్లు అన్నీ ఆ మూలనే ఇంకుతున్నాయి. ఇల్లంతా ఎండిన రేగడి మీద ఉంటే ఆ ఒక్క మూల ఏడాది పొడవునా తడి మీద ఉంది. మూల పైకి లేచింది, తలుపు పట్టేసింది. ఇందులో వడ్రంగి తప్పు లేదు, కాంట్రాక్టరు తప్పు లేదు. గుంట తవ్వించింది ఇంటాయనే. ఆ మాట ఇంటాయనకు చెప్పడం ఎంత కష్టమైనా చెప్పి తీరాలి. ఒక్క లోపాన్ని అన్యాయంగా అవతలివాడి నెత్తిన వేస్తే, న్యాయంగా వేసిన మిగతావి కూడా అతను ఒప్పుకోడు.

సాయంత్రం వరండాలో అందరం కూర్చున్నాం. ఇంటాయన కన్స్యూమర్ కోర్టుకు పోతానన్నాడు. పోవచ్చు, హక్కుంది. ఇల్లు కట్టడం కూడా సేవ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. ఇప్పుడున్నది 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి చట్టం. మనం కోరే పరిహారం ఎంతన్నది కాదు, ఆ సేవకు చెల్లించిన సొమ్మే ఫీజుకు లెక్క. అది 5 లక్షల లోపయితే ఫీజు లేదు, 10 లక్షల లోపయితే 200 రూపాయలు. లోపం బయటపడిన రెండేళ్లలోపు వేయాలి. అక్కడ ఒట్టి ఫోటోలు, కోపం పనికిరావు. ఒప్పంద పత్రం, డబ్బు ఇచ్చిన రుజువు, తెలిసినవాడు కొలిచి రాసిన రిపోర్టు అడుగుతారు. ఆయన దగ్గర ఒప్పందం లేదు. డబ్బు చేతికిచ్చాడు, నోటు పుస్తకంలో రాసుకున్నాడు. అపార్టుమెంటు కొన్నవాళ్లయితే రెరా చట్టం కింద ఐదేళ్ల దాకా బిల్డరు చేత లోపాలు ఉచితంగా బాగు చేయించుకోవచ్చు. సొంత స్థలంలో మేస్త్రీ చేత కట్టించుకున్న రైతుకు ఆ రక్షణ లేదు.

నేను రాసిన రిపోర్టు అందరికీ చదివి వినిపించాను. దేని కారణం ఏది, దాన్ని బాగు చేయాల్సిందెవరు అన్నది ఒక్కో తలుపుకూ, ఒక్కో కిటికీకీ విడిగా రాశాను. గొడవ చివరికి పత్తి దగ్గర ఆగింది. కాంట్రాక్టరు లేచి నిలబడి, "తుపాను నేను తెచ్చానా సార్?" అన్నాడు. అందులో న్యాయం లేకపోలేదు. కానీ ఆ పక్కనే ఇంటాయన తమ్ముడి పాత పెంకుటిల్లు ఉంది. వేప కిటికీలు, వాటి పైన సజ్జలు. అదే తుపాను, అదే గాలి, ఇంట్లో చుక్క పడలేదు. ఇంటావిడ ఆ మాట అనగానే కాంట్రాక్టరు కూర్చున్నాడు. తడిసిన పత్తి కింద ఇరవై వేలు తగ్గించుకుంటానన్నాడు. అది పూర్తి నష్టం కాదు. కొంత పత్తి వరండాలో పోసింది కాబట్టి ఇంటాయన కూడా ఒప్పుకున్నాడు.

స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. కిటికీలు తీసి మళ్లీ బిగించడం షాపువాళ్లది. గ్రానైటు వాలు, గాడి, హోల్డ్‌ఫాస్టులు కాంట్రాక్టరువి. సింహద్వారానికి పని వడ్రంగిది, దానికి కావాల్సిన కర్ర ఇంటాయనది. గుంట గోడకు దూరంగా జరపడం ఇంటాయనది. ఇవ్వాల్సిన డబ్బులో సగం పని కాగానే, మిగతా సగం ఒక వానాకాలం దాటాక.

సింహద్వారం ఫ్రేము తీసి మార్చడమే సరైన పని. ఆ మాట ఎత్తగానే పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. గృహప్రవేశం చేసిన గుమ్మం ఊడదీయడానికి ఆమె ప్రాణం ఒప్పుకోలేదు. ఆమె మాటను మూఢనమ్మకం అని కొట్టేయడం నాకు చేతకాదు. ఆ ఇల్లు ఆమెది. ఫ్రేము అట్లాగే ఉంచి, మెలిపడిన నిలువు మీద తలుపు ఆనే చోట సన్నటి టేకు పట్టీ ఒకటి దిగించి తేడా మింగేయించాలన్నాను. వడ్రంగి ఆ పట్టీని పైన కాగితం మందంతో మొదలుపెట్టి కిందికి తొమ్మిది మిల్లీమీటర్లు వచ్చేట్టు చిత్రిక పట్టాడు. ఒక్కో చిత్రికకూ పెట్టి చూస్తున్నాడు, వేలితో తడుముతున్నాడు, మళ్లీ తీస్తున్నాడు. మడత బందుల గాట్లు కూడా కొత్తగా కొట్టి తలుపు ఎక్కించాడు. చిటికెన వేలితో తోస్తే తలుపు పోయి పడింది, తాళం నాలుక టక్కుమని గాట్లో కూర్చుంది. మంచి వడ్రంగే. పచ్చి కర్ర మీద, తరుముకొచ్చిన ముహూర్తం కింద పని చేయించారు, అంతే.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడను బుడమేరు ముంచెత్తిన వానలు మా వైపు కూడా పడ్డాయి. ఆ ఇంటావిడ ఫోను చేసింది. హాలు పొడిగా ఉందట, ముందు గదిలో చుక్క లేదట. వెనక తలుపు మాత్రం మళ్లీ పట్టేసిందట. గుంట జరిపారా అని అడిగితే, "ఇంకా లేదండి, ఆయన పొలం పనుల్లో ఉండి..." అంది. కాంట్రాక్టరుకు రావాల్సిన మిగతా డబ్బు ఇంటాయన ఆ నెలలోనే ఇచ్చేశాడు. గుంట సంక్రాంతి తర్వాత జరిపారు.

ఇల్లు కట్టుకోబోయేవాళ్లకు నేను చెప్పేది ఇదీ. ఎంత తెలిసిన మేస్త్రీ అయినా కాగితం రాసుకోండి. ఒక వేసవి, ఒక వానాకాలం దాటేదాకా బిల్లులో కొంత ఆపుకుంటానని అందులోనే రాయండి. పని మొదలయ్యే ముందే అతనికి చదివి వినిపించండి. కిటికీలు బిగించిన రోజే పైపు పెట్టి తడిపి చూడండి. గుమ్మాలు నిలబెట్టిన రోజున, ప్లాస్టరు పడకముందే, హోల్డ్‌ఫాస్టులు ఒక్కొక్కటీ ఫోటో తీసి ఫోనులో దాచుకోండి. ప్లాస్టరు పడ్డాక అవి చూడాలంటే గోడ కొట్టాల్సిందే.